పాత స్పోర్ట్స్ కార్లు హాల్లోంచి కనబడేలా గ్యారేజీ కడుతున్నాం, ప్లాన్ చూసి చెప్పండి

శంకర్‌పల్లి రోడ్:

అందరికీ నమస్కారం. శంకర్‌పల్లి దగ్గర 600 గజాల ప్లాటులో ఇల్లు మొదలుపెడుతున్నాం. ఉత్తరం రోడ్డు, ముఖం 60 అడుగులు, లోతు 90. వచ్చే నెలలో ముగ్గు పోయిస్తాం. ఇంటి ప్లాన్ అంతా ఇంట్లోవాళ్లకే వదిలేశాను, గ్యారేజీ మాత్రం నాది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రెండు కార్లున్నాయి. మొదటిది 1952 ఎంజీ టీడీ. మా పెద్ద మేనమామ సికింద్రాబాదులో ప్రాక్టీస్ చేసే రోజుల్లో కొన్నారు. ఎరుపు రంగు, లేత గోధుమరంగు సీట్లు, 1250 సీసీ ఇంజిన్. ఇంగ్లండులోని అబింగ్డన్‌లో ఈ మోడల్ దాదాపు 30 వేలు తయారైతే ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లిపోయాయి. మన వైపు వచ్చినవే తక్కువ, ఇప్పటికీ నడుస్తున్నవి ఇంకా తక్కువ. మామయ్య పోయాక అత్తయ్య తాళాలు నా చేతిలో పెట్టి ఒకటే మాట అంది: "దీన్ని ఎక్కడో మూల పడెయ్యకురా." ఆ మాట నాకు బాగా గుర్తు.

రెండోది 1960ల నాటి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్, తెలుపు. చెన్నైలో ఒక కుటుంబం దగ్గర కొన్నాను. హెరాల్డ్ స్పోర్ట్స్ కారెలా అయిందని అడుగుతారేమో. హెరాల్డ్ అసలు కంపెనీ, ఇంగ్లండులోని ట్రయంఫ్ వాళ్లు, స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేసింది ఈ హెరాల్డ్ చాసీని పొట్టి చేసుకునే. రెండింటికీ రూపం ఇచ్చింది ఇటలీ డిజైనర్ మికెలొట్టి. స్పిట్‌ఫైర్ మనకు దొరకలేదు, దాని అన్నగారు దొరికారు. నాకు అది చాలు.

నా కోరిక ఏమిటంటే, సాయంత్రం హాల్లో కూర్చుంటే అద్దంలోంచి రెండు కార్లూ కనబడాలి. అలాగని మ్యూజియం కాదు. వీలైనప్పుడల్లా బయటికి తీస్తాను, సెలవురోజు పొద్దున్నే బానెట్ తెరిచి నా పని నేను చేసుకుంటాను. కాబట్టి చూడటానికీ పనికీ రెండింటికీ సరిపోయే చోటు కావాలి.

ఆర్కిటెక్ట్ ఇచ్చిన ప్లాన్ ఇదీ: గ్యారేజీ వాయవ్యంలో, 18 అడుగులకు 18 అడుగులు. మధ్యలో ఒక పిల్లర్. షట్టర్ ఉత్తరం వైపు. పడమర గోడలో పెద్ద అద్దం, బయటివాళ్లకు కూడా కార్లు కనబడేలా. తూర్పు గోడలో ఇంకో అద్దం, అది మా హాల్లోకి. కింద నల్ల గ్రానైట్ పాలిష్. పైన ఫాల్స్ సీలింగ్, అందులో గుండ్రటి డౌన్‌లైట్లు. వాయవ్యం అన్నది నాన్నగారి మాట, దాన్ని మార్చడం లేదు.

3డీ బొమ్మలో అద్భుతంగా ఉంది. కానీ మా ఆవిడ ఆ బొమ్మ చూసి అడిగిన మొదటి ప్రశ్నకే నా దగ్గర జవాబు లేదు: "పెట్రోలు వాసన హాల్లోకి రాదా?" రెండో టెన్షన్ టీడీ బాడీ. దానికి పైన రేకు, లోపల చెక్క ఫ్రేము. యాష్ కలప. మా వైపు చెదల సంగతి తెలిసిందే. వానాకాలం తేమ సరేసరి. ఏసీ పెడితే సరిపోతుందా, లేక వేరే ఏమైనా కావాలా? ఆ 18 అడుగులు చాలా? ఇలాంటివి కట్టినవాళ్లు, కట్టించుకున్నవాళ్లు చెప్పండి. పిల్లర్లు లేచాక ఏ సలహా వచ్చినా ఉపయోగం ఉండదు.


వాల్తేరు అప్‌ల్యాండ్స్:

నమస్కారం. సివిల్ ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. విశాఖలో ఉప్పుగాలికి ఎదురుగా ఒక ఫియట్ 1100ని చాలాకాలంగా కాపాడుకుంటున్నాను. మీ ప్రశ్న చదివి సంతోషం వేసింది. కట్టకముందే అడిగారు.

ముందుగా ఒక పని చేయండి. ఖర్చు లేనిది, ఒక పూట చాలు. రెండు కార్లనూ ఏదైనా ఖాళీ స్థలంలో పక్కపక్కనే పెట్టండి. తలుపులు, బానెట్లు, డిక్కీ, తెరుచుకునేవన్నీ పూర్తిగా తెరవండి. తెరిచిన అంచుల చుట్టూ నేలమీద ముగ్గుపిండితో గీత గీయండి. ఆ గీతకు బయట మనిషి వంగి పనిచేయడానికి మూడడుగులు వదిలి ఇంకో గీత గీయండి. అప్పుడు టేపు పెట్టి కొలవండి. మీ గ్యారేజీ సైజు అదే. ఆర్కిటెక్ట్ మూసి ఉన్న కార్లను గీసి 18 అడుగులు అన్నారు. మూసి ఉన్నప్పుడు రెండూ ఐదేసి అడుగుల వెడల్పే కాబట్టి కాగితం మీద సరిపోయినట్టే కనబడుతుంది.

మీ రెండు బళ్లూ తెరుచుకునే తీరు పూర్తిగా వేరు, ప్లాన్ అంతా అక్కడే ఉంది. టీడీ తలుపులకు మడతబందులు వెనక వైపు. ముందు అంచు బయటికి వస్తుంది, మనిషి ముందునుంచి తిరిగొచ్చి ఎక్కాలి. బానెట్ ముందుకో వెనక్కో లేవదు. మధ్యలో పొడుగునా ఉన్న బందు మీద కుడి రెక్క ఒకటి, ఎడమ రెక్క ఒకటి పక్కల నుంచి పైకి లేస్తాయి. అంటే ఇంజిన్ పనంతా పక్కన నిలబడే, మడ్‌గార్డు మీదుగా వంగి. కాబట్టి టీడీకి రెండు పక్కలా నాలుగేసి అడుగులు ఉండాలి. ముందు మూడడుగులు చాలు.

హెరాల్డ్ అలా కాదు. రెండు మడ్‌గార్డులతో కలిపి ముక్కు మొత్తం ముందుకు వాలిపోతుంది. చక్రాలు, సస్పెన్షన్, ఇంజిన్ అన్నీ బయటపడతాయి. ముందు టైరు మీద కూర్చుని కార్బురేటర్ సరిచేసుకోవచ్చు, చాలా కార్లకు లేని సుఖం అది. కానీ ఆ ముక్కు వాలడానికి ఎదురుగా గోడ ఉండకూడదు. హెరాల్డ్‌ను రివర్సులో లోపల పెట్టండి, ముక్కు షట్టర్ వైపు. షట్టర్ ఎత్తితే ఎంత చోటైనా ఉంటుంది.

మొత్తం మీద లోపలి వెడల్పు 23 అడుగులకు తగ్గకూడదు, 24 అయితే హాయి. పొడవు 22. పిల్లర్ తీసేయాల్సిందే. టీడీ తలుపు సరిగ్గా దానికే తగులుతుంది. మధ్యలో పిల్లర్ లేని 24 అడుగుల దూరానికి (స్పాన్) బీము లోతు రెండడుగులో, ఇంకాస్త ఎక్కువో వస్తుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క వేస్తారు. బీము లోతైనది కాబట్టి స్లాబు ఎత్తు కూడా దానికి తగ్గట్టు పెంచుకోండి.

ఇక నేల. మీ బండ్లకు మొదటి శత్రువు కింద నుంచే వస్తుంది. మట్టిని నింపి బాగా దిమ్మిస కొట్టించాక, చెదల మందు. ఇది కాంక్రీటు వేయకముందే చేయాలి, చెదల మందుకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 6313 ప్రకారం చేసే ఏజెన్సీతోనే చేయించి గ్యారంటీ పేపరు తీసుకోండి. గోడల మొదళ్ల వెంబడి కూడా పోయమనండి, చెదలు గోడ పట్టుకునే వస్తాయి. దానిపైన మందపాటి పాలిథీన్ షీటు, 250 మైక్రాన్లు, అతుకుల దగ్గర అడుగు చొప్పున ఒకదానిమీద ఒకటి. ఆపైన మెష్‌తో ఆరంగుళాల ఎం25 రకం కాంక్రీటు, షట్టర్ వైపు వందకు ఒకటి వాలు. ఆ షీటు ఖర్చు చూస్తే ఏమంత కాదు. అది లేకపోతే మాత్రం పైన ఎన్ని లక్షలు పెట్టినా తేమ కింద నుంచి వస్తూనే ఉంటుంది.

నల్ల గ్రానైట్ పాలిష్ వద్దు. తడిస్తే జారుతుంది. పైగా పాత ఇంగ్లీషు ఇంజిన్ల కింద నూనె చుక్కలు పడతాయి, నల్ల నేల మీద అవి కనబడవు. చుక్క ఎక్కడ పడుతోందో, రోజురోజుకీ పెరుగుతోందో లేదో చూసుకోవడం ఈ కార్ల పెంపకంలో సగం. లేత బూడిదరంగు ఎపాక్సీ (నేలమీద వేసే గట్టి పూత) వేయించండి. కాంక్రీటు 28 రోజులు క్యూరింగ్ అయ్యాక వెంటనే ఎపాక్సీ వాళ్లను పిలవకండి. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో నేలకు అతికించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున తీస్తే కింద చెమ్మ పట్టినా, ఆ చదరం నల్లబడినా ఇంకా ఆగాలి. నాలుగు మూలలా, మధ్యలో కూడా పరీక్షించండి.

వాయవ్యం మంచి చోటే, నాన్నగారిని నొప్పించక్కర్లేదు. ఉత్తరం వెలుతురు మెత్తగా ఉంటుంది. పడమర అద్దం మాత్రం పూర్తిగా మానేయండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు నుంచి ఎండ నేరుగా టీడీ సీట్ల మీద పడుతుంది. తోలు పగులుతుంది, ఎరుపు వెలుస్తుంది. ఆ గోడను జోడు గోడగా కట్టించండి: బయట తొమ్మిదంగుళాలు, మధ్య రెండంగుళాల ఖాళీ, లోపల నాలుగున్నర. స్లాబు మీద తెల్ల కూల్ రూఫ్ టైలు వేయించండి.

తేమకు లక్ష్యం 45 నుంచి 55 శాతం. 60 దాటితే ఇనుము తుప్పు పట్టడం ఊపందుకుంటుంది. మరీ 40 కిందికి పోతే టీడీ లోపలి కలప ఎండి అతుకులు వదులవుతాయి, తలుపులు కిర్రుమంటాయి. ఏసీ నడిచినంతసేపే తేమ లాగుతుంది, చల్లబడగానే ఆగిపోతుంది. వానాకాలం రాత్రుళ్లు చల్లగానే ఉంటుంది, గాలి మాత్రం తడి. అప్పుడు ఏసీ పని చేయదు. డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలో తేమ లాగే మిషన్, కావాలి. దాని నీళ్లు బకెట్లోకి కాకుండా పైపులో నేరుగా బయటికి పోవాలి. మీరు ఊరెళ్లినప్పుడు బకెట్ నిండితే మిషన్ ఆగిపోతుంది. పాలిథీన్ కవరు ఏ కారు మీదా వేయకండి, నూలు కవరే.

పెట్రోలు వాసన గురించి మీ ఆవిడగారు అడిగిన ప్రశ్న అన్నింటికంటే ముఖ్యమైనది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలనంటుకుని పాకుతుంది. కాబట్టి గ్యారేజీ నేల ఇంటి నేలకంటే కనీసం ఆరంగుళాలు కిందుండాలి. హాల్లోకి వచ్చే అద్దం కదలనిదై ఉండాలి, జరిపే అద్దం ఎంత ఖరీదైనదైనా సందు ఉంటుంది. టఫెన్డ్ ల్యామినేటెడ్ వేయించి చుట్టూ సిలికాన్ బిగించండి. అద్దం అడుగు భాగం నేలనుంచి రెండడుగుల ఎత్తులో మొదలుకావాలి, కింద ఇటుక గోడ. గ్యారేజీ లోపల నేలకు దగ్గరగా ఎదురెదురు గోడల్లో చిన్న వెంట్లు రెండు, స్టీలు జాలీతో. అవి ఎప్పుడూ తెరిచే ఉండాలి. డీహ్యూమిడిఫయర్‌కు కరెంటు కాస్త ఎక్కువ అవుతుంది, అవనివ్వండి. ఆ జాలీ సన్నదిగా ఉంటే ఎలుకలు, పందికొక్కులు కూడా రావు. టీడీ వైర్ల మీద గుడ్డ అల్లిక ఉంటుంది, వాటికది మహా ఇష్టం.


సింగ్‌నగర్:

సార్ చెప్పినవన్నీ బాగున్నాయి. ఒక్కటి నేను కలుపుతాను. ప్లింత్, అంటే రోడ్డుకంటే ఇంటి నేల ఎంత ఎత్తులో ఉండాలన్నది.

మాది విజయవాడ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు వరద వచ్చినప్పుడు మా వీధిలో కార్లన్నీ నీళ్లలోనే ఉన్నాయి. మా నాన్న ఫియట్ కూడా. నీళ్లు తీశాక ఇంజిన్ బాగైంది, బాడీ కూడా అయింది. సీట్ల కింద, తలుపుల లోపల చేరిన బురద మాత్రం ఇప్పటికీ వాసన వస్తుంది. కొత్త కారయితే ఇన్సూరెన్సుతో పోతుంది. మీ టీడీ పోతే మళ్లీ ఎక్కడ తెస్తారు?

ఇంటికంటే ఆరంగుళాలు కింద అన్నారు కాబట్టి, ముందు ఇంటి ప్లింతే బాగా పైకి లేపండి. గ్యారేజీ నేల రోడ్డుకంటే రెండడుగులైనా ఎత్తుండాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ పైకి లేస్తుందని లెక్క వేసుకోండి. చుట్టుపక్కల ముసలివాళ్లను అడగండి, వాగు ఎటునుంచి ఎటు పారేదో చెబుతారు. పాత గ్రామ పటం చూస్తే చెరువు, కాలువ గీతలు ఉంటాయి. ర్యాంపు మొదట్లో అడ్డంగా జాలీ కాలువ పెట్టించండి.

ర్యాంపు మరీ నిటారుగా వద్దు. ఎత్తులో ప్రతి అడుగుకీ ఎనిమిది అడుగుల పొడవు. పైన చదునుగా కలిసేచోట అంచు లేకుండా మెల్లగా వంచమనండి, లేకపోతే సైలెన్సర్ రాసుకుంటుంది. రెండడుగులకు పదహారు అడుగుల ర్యాంపు అవుతుంది. గేటునుంచి అంత దూరం ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.


ప్లేనో జడ్ కారు:

అన్నా, చదువుతుంటే నా గ్యారేజీ కట్టిన రోజులు గుర్తొచ్చాయి. మేం డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం. నాది 1972 డాట్సన్ 240జడ్, ఆరు సిలిండర్ల 2.4 లీటర్ ఇంజిన్. ఆ తరం జపాన్ బళ్లకు తుప్పు ఎంత తొందరగా పడుతుందో అందరికీ తెలుసు. బ్యాటరీ కింద ప్లేటు, ముందు మడ్‌గార్డుల వెనక భాగం ముందుగా పోతాయి. అందుకే తేమ గురించి సార్ చెప్పిన ప్రతి మాటా నాకు నచ్చింది.

ఇక్కడి బిల్డింగ్ కోడ్‌లో మీకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. గ్యారేజీలో నిప్పురవ్వ పుట్టించే పరికరమైతే ఆ భాగం నేలకు 18 అంగుళాల పైనే ఉండాలి. స్విచ్చులు, ప్లగ్గులు, మీ డీహ్యూమిడిఫయర్, అన్నీ షెల్ఫు మీదికి ఎక్కించండి. గ్యారేజీలోంచి నేరుగా పడకగదిలోకి తలుపు పెట్టకూడదు. ఇంట్లోకి వెళ్లే తలుపు గట్టి చెక్కదో, మంటకు 20 నిమిషాలు తట్టుకునేదో అయ్యుండాలి. ఇంటి ఏసీ డక్టుకు గ్యారేజీలో నోరు తెరవకూడదు. గ్యారేజీకి విడిగా స్ప్లిట్ పెట్టుకోండి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇల్లంతా తిరుగుతుంది. బండి లోపల స్టార్ట్ చేసి వేడెక్కనివ్వడం ఎప్పుడూ వద్దు, షట్టర్ తెరిచి ఉన్నా సరే. హాల్లో ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి.

కారును పైకెత్తి ఉంచే లిఫ్టు గురించి మీరు అడగలేదు. కానీ రెండేళ్ల తర్వాత అడుగుతారు, నాకు తెలుసు, ఎందుకంటే మూడో కారు వస్తుంది. నాలుగు కాళ్ల లిఫ్టు మీద ఒకటి, కింద ఒకటి పెట్టాలంటే మీ సైజు కార్లకు బీము కింద 11 అడుగులు ఉంటే సరిపోతుంది. ఇప్పుడు ఆ ఎత్తు వదిలిపెట్టండి, లిఫ్టు తర్వాత కొనుక్కోవచ్చు. ఇక్కడ మా ప్రాంతంలో నల్లరేగడి లాంటి మట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. అందుకని ఇళ్ల కింద స్లాబులో ఉక్కు తీగలు లాగి బిగిస్తారు, అలాంటి నేలలో డ్రిల్లు పెట్టకూడదు. తీగ తెగితే ప్రమాదం. నేల మీదే ఆ హెచ్చరిక ముద్ర వేసి ఉంటుంది. అందుకే నేను బోల్టులు అక్కర్లేని నాలుగు కాళ్లది పెట్టుకున్నాను. మీకు ఆ ఇబ్బంది లేదు. కాళ్లు వచ్చే చోట కాంక్రీటును ఎనిమిదంగుళాలు చేయించి, ప్లాన్ మీద గుర్తు పెట్టుకోండి.

ఇంకో సంగతి. టీడీకి బ్యాటరీ పాజిటివ్ ఎర్త్. ఎవరైనా ముందు మార్చి ఉంటే తప్ప ప్లస్ వైపే బాడీకి ఉంటుంది. ట్రికిల్ చార్జర్ (బ్యాటరీని నెమ్మదిగా నింపుతూ ఉంచేది) తగిలించేముందు ఒకసారి కళ్లతో చూసుకోండి. బ్యాటరీని పూర్తిగా తెంచే కట్-ఆఫ్ స్విచ్ రెండు కార్లకూ పెట్టించండి. పాత బళ్ల మంటలు సగం అక్కడే మొదలవుతాయని మా దగ్గర మెకానిక్కులు అంటారు.

మంటలార్పే సిలిండర్‌గా మామూలు ఏబీసీ పొడిది ఒక్కటే పెట్టి ఊరుకోకండి. ఆ పొడి ఇంజిన్ అల్యూమినియాన్ని, వైర్లను తినేస్తుంది. చేతికందేలా తలుపు దగ్గర సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ ఒకటి, పొడిది రెండోదిగా.

పెట్రోలు సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఇప్పుడు మీ దగ్గర వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది కదా. పాత రబ్బరు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించండి. అద్దం సిలికాన్ ఎంత బాగున్నా, పైపు కారుతుంటే వాసన వస్తుంది.


లైట్లు చూసేదాన్ని:

హైదరాబాదులో నగల దుకాణాలకు, బట్టల షోరూములకు లైటింగ్ డిజైన్ చేస్తాను. ఫాల్స్ సీలింగ్‌లో గుండ్రటి డౌన్‌లైట్లు అని చదవగానే రాయాలనిపించింది.

కారు పెయింటు అద్దం లాంటిది. పైన ఏముంటే అదే బానెట్ మీద కనబడుతుంది. పన్నెండు డౌన్‌లైట్లు పెడితే బానెట్ మీద పన్నెండు తెల్లచుక్కలు, మికెలొట్టి గీసిన గీత ఒక్కటీ కనబడదు. దానికి బదులు పొడవాటి లైన్ లైట్లు, పాలరంగు డిఫ్యూజర్‌తో, కారు పొడవు వెంట పెట్టించండి. సరిగ్గా కారు నెత్తిమీద వద్దు. రెండు కార్ల మధ్య ఒకటి, అటూ ఇటూ గోడలకు రెండడుగుల దూరంలో ఒక్కొక్కటి. అప్పుడు ఆ వెలుగు మడ్‌గార్డు వంపు మీద ఒక సన్నటి గీతగా మొదలై తలుపుదాకా సాగుతుంది. వంపు ఎక్కడ తిరుగుతుందో కంటికి తెలుస్తుంది. టీడీ బానెట్ పక్కల నుంచి తెరుస్తారు కాబట్టి ఇంజిన్ మీద వెలుగు కూడా ఆ పక్క లైట్ల నుంచే పడుతుంది. ఇది మీకు రెండో లాభం.

రంగు. మీ టీడీ ఎరుపు కదా, ఇది చాలా ముఖ్యం. ఎల్ఈడీ డబ్బా మీద సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 80 అని ఉంటే అందులో ముదురు ఎరుపును చూపించే శక్తి తక్కువ. ఎరుపు గోధుమరంగులోకి దిగిపోయి మాసిపోయినట్టు కనబడుతుంది. సీఆర్ఐ 90 పైన ఉన్నవి తీసుకోండి, దుకాణదారును ఆర్9, అంటే ముదురు ఎరుపును చూపించే విలువ, ఎంతని అడగండి, 50కి తగ్గితే వద్దు. ఇంట్లో ఒక ఎర్ర పట్టుచీర తీసుకెళ్లి రెండు లైట్ల కిందా పట్టి చూడండి, తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది. వెలుగు రంగు 4000 కెల్విన్, అంటే పసుపు అంతగా లేని తెలుపు. హాల్లో పసుపు లైట్లు 3000 పెట్టుకున్నా ఫరవాలేదు, గ్యారేజీ మాత్రం 4000.

అద్దానికి సంబంధించి ఒక మాట. రాత్రిపూట హాల్లో లైటు ఎక్కువ, గ్యారేజీలో తక్కువ ఉంటే అద్దంలో మీ సోఫా, మీ టీవీయే కనబడతాయి. కార్లు కనబడవు. కాబట్టి హాల్లో ఆ వైపు లైట్లకు డిమ్మర్, విడి స్విచ్చు ఉండాలి. టీవీని అద్దానికి ఎదురు గోడకు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. పని లైట్లకు, చూపించే లైట్లకు సర్క్యూట్ వేరు చేయించండి.


శంకర్‌పల్లి రోడ్:

అందరికీ చేతులెత్తి నమస్కారం. వాల్తేరు సార్ చెప్పినట్టు నిన్న మా ఫ్రెండు ఫంక్షన్ హాలు పార్కింగులో రెండు కార్లూ పెట్టి, అన్నీ తెరిచి, ముగ్గుపిండితో గీశాం. మా అమ్మాయి టేపు పట్టింది. వెడల్పు 23 అడుగుల 4 అంగుళాలు వచ్చింది. హెరాల్డ్ ముక్కు ముందుకు వాల్చి చూశాక ఆర్కిటెక్టే అన్నారు, ఆ 18 అడుగుల్లో దీన్ని సగం కూడా తెరవలేమని. ఆయన మంచివారు. అక్కడికక్కడే ప్లాన్ మీద 24కు 23 అని దిద్దారు. పిల్లర్ పోయింది. పడమర అద్దం పోయింది, జోడు గోడ వచ్చింది. బీము కింద 11 అడుగులు పెట్టాం. ర్యాంపుకు గేటునుంచి 18 అడుగులు దొరుకుతున్నాయి, కాబట్టి రెండడుగుల ప్లింత్ ఖాయం.

టీవీ సంగతి చెప్పిన మేడమ్‌కు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. సరిగ్గా అద్దానికి ఎదురు గోడకే గీశారు, మార్పించాం.

ఇంకా ఒక సందేహం ఉంది. హాల్లోంచి చూస్తే టీడీ ముందు, హెరాల్డ్ వెనక. టీడీ హెరాల్డ్‌ను కప్పేస్తుందేమో. టీడీని లోపలి వైపుకు పెడదామా? అలా చేస్తే మామయ్య బండి దూరమైపోతుంది. అది నాకు మనసొప్పడం లేదు.


వాల్తేరు అప్‌ల్యాండ్స్:

టీడీని అద్దం పక్కనే ఉంచండి. ఆ బండి అందం పక్కనుంచి చూస్తేనే: పొడుగాటి బానెట్, కిందుగా సాగే ఫుట్‌బోర్డు, వెనక నిలబెట్టిన స్టెప్నీ. దాని బాడీ కిందుగా ఉంటుంది, టాపు మడిచి పెడితే ఇంకా తగ్గుతుంది, ముందున్న అద్దాన్ని బానెట్ మీదికి పడుకోబెట్టవచ్చు కూడా. దాని మీదుగా హెరాల్డ్ పైభాగం, వెనక రెక్కలు కనబడతాయి. హెరాల్డ్‌ను ఒక మూడడుగులు వెనక్కి జరిపి, కాస్త ఏటవాలుగా, ముక్కు హాలు వైపు తిరిగేలా పెట్టండి. ఆ ఏటవాలుకు కావాల్సిన చోటు 23 అడుగుల పొడవులో ఉంది. ఎలాగూ ముగ్గుపిండి మిగిలే ఉంటుంది కాబట్టి మళ్లీ ఒకసారి గీసి చూడండి. సోఫా ఎత్తులో ఒక కుర్చీ వేసుకుని, అద్దం వచ్చే దూరంలో కూర్చుని మరీ చూడండి.

టీడీ కార్బురేటర్లు రెండూ ఇంజిన్‌కు ఒకే పక్కన ఉంటాయి. ఆ పక్క అద్దం వైపు వచ్చేలా ముక్కు ఎటు పెట్టాలో నిర్ణయించుకోండి. బానెట్ రెక్క ఎత్తి ఉంచిన రోజు వచ్చినవాళ్లంతా అక్కడే నిలబడతారు.

చివరగా, గోడలకు ప్లాస్టరింగ్ కాకముందే మూడు పైపులు వేయించుకోండి: డీహ్యూమిడిఫయర్ నీళ్లకు ఒకటి, స్ప్లిట్ ఏసీకి ఒకటి, రేపు లిఫ్టు కరెంటుకు ఖాళీగా ఒకటి. డీహ్యూమిడిఫయర్ పైపుకు బయటికి వాలు ఉండాలి, బయటి కొసకు దోమ జాలీ కట్టాలి. పునాది తవ్వేటప్పుడు మట్టి ఫోటోలు ఇక్కడ పెట్టండి. నల్లరేగడి తగిలితే నింపుడు ఎంత లోతు మార్చాలో చూసి చెబుతాను.